ఈథర్ 35 డిగ్రీలకే ఎందుకు మరుగుతుంది, నూనె ఎందుకు మరగదు?

మే నెలలో కర్నూలులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఎవరికీ వింత కాదు. ఆ రోజుల్లో ఏ కళాశాల రసాయనశాలలోనైనా డైఇథైల్ ఈథర్ సీసాను ఎండ తగలని చల్లని చోట, మంటకు దూరంగా, బిగుతైన మూతతో భద్రపరుస్తారు. దాని మరుగు స్థానం 34.6 డిగ్రీల సెల్సియస్ మాత్రమే కాబట్టి, దాన్ని మరిగించడానికి స్టవ్ అక్కర లేదు, ఆ గదిలోని వేడే చాలు. అదే అలమారాలో ఉన్న బ్యూటనాల్ మాత్రం దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. ఈ రెండు పదార్థాల అణువులను విడదీసి లెక్కపెడితే దొరికే పరమాణువులు ఒక్కటే: నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అణుభారం రెండింటికీ 74. పరమాణువుల్లో ఏ తేడా లేని రెండు పదార్థాల మరుగు స్థానాల మధ్య 83 డిగ్రీల ఎడం ఉందంటే, దానికి కారణం పరమాణువుల సంఖ్యలో గాక వాటి అమరికలో ఉండాలి. ఆ అమరిక వల్ల ఒక అణువు పక్క అణువును ఎంత గట్టిగా పట్టుకోగలుగుతుందన్న దానిలో ఉండాలి.

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థిని అడిగితే ఈ ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం వస్తుంది: బ్యూటనాల్‌లో ఆక్సిజన్‌కు నేరుగా అతికిన హైడ్రోజన్ ఉంది, అందువల్ల దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి, ఈథర్‌లో ఆక్సిజన్ రెండు వైపులా కార్బన్లే ఉన్నాయి, అందువల్ల ఏర్పడవు. ఆ సమాధానం సరైనదే. అయితే ఇలాంటి ఉదాహరణల నుంచి చాలామంది మనసులో ఒక నిచ్చెన నాటుకుపోతుంది: అడుగు మెట్టు మీద ప్రతి అణువుకూ ఉండే లండన్ బలాలు, మధ్య మెట్టు మీద ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఉన్న అణువుల మధ్య పనిచేసే ద్విధ్రువ బలాలు, పై మెట్టు మీద హైడ్రోజన్ బంధం, ఏ పదార్థం ఎంత పై మెట్టు మీద ఉంటే దాని మరుగు స్థానం అంత ఎక్కువ. పోటీ పరీక్షల కోసం వేగంగా చదివే పిల్లలకు ఈ నిచ్చెన చాలా సౌకర్యంగా ఉంటుంది, కానీ అది చాలాచోట్ల విరిగిపోతుంది. మరుగు స్థానాన్ని నిర్ణయించేది ఆకర్షణ ఏ రకానిదన్నది కాదు. ఒక అణువును దాని చుట్టూ ఉన్న అణువులన్నీ కలిసి పట్టుకొని ఉంచే ఆకర్షణ మొత్తం ఎంత అన్నదే. ఈ వ్యాసమంతా ఆ మొత్తం గురించే.

ముందుగా మరగడం అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. ద్రవంలోని అణువులు నిరంతరం కదులుతూ ఉంటాయి, వాటిలో ఎక్కువ శక్తి ఉన్న కొన్ని ఉపరితలాన్ని వదిలి ఆవిరిగా బయటపడతాయి, అలా బయటపడిన ఆవిరి కలిగించే పీడనాన్ని బాష్ప పీడనం అంటారు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఇది పెరుగుతూ పోయి, బయటి గాలి పీడనంతో సమానమైన క్షణాన ద్రవం లోపల కూడా బుడగలు పుట్టి నిలబడగలుగుతాయి. అదే మరగడం. కనుక మరుగు స్థానం బయటి పీడనం మీద కూడా ఆధారపడుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో నీరు కచ్చితంగా 100 వద్ద గాక 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రెండు పదార్థాలను పోల్చేటప్పుడు పీడనం ఒకటే అనుకోవాలి. ఇక్కడ చెప్పే అంకెలన్నీ సముద్ర మట్టపు వాతావరణ పీడనానికి, సెల్సియస్ కొలమానానికి చెందినవి.

ఇక్కడే సరిదిద్దుకోవలసిన పొరపాటు ఒకటి ఉంది. నీరు మరిగినప్పుడు నీటి అణువు విరగదు. ఆవిరిలో ఉన్నదీ రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఆ అణువే. ఒక మోల్ నీటిని, అంటే 18 గ్రాములను, 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చడానికి 40.7 కిలోజౌళ్ళు చాలు. అదే 18 గ్రాముల నీటి అణువుల్లోని ఆక్సిజన్-హైడ్రోజన్ సంయోజనీయ బంధాలన్నీ తెంచాలంటే 900 కిలోజౌళ్ళకు పైగా కావాలి. పొయ్యి మీద మనం తెంచుతున్నది అణువుకూ అణువుకూ మధ్య ఉన్న పట్టును, అణువు లోపలి బంధాన్ని కాదు. ఈ తేడా మనసులో నిలవకపోతే తరువాతి మాటలేవీ నిలవవు. వంట ఉప్పును ఈ లెక్కలోకి తేలేకపోవడానికి కారణం కూడా ఇదే: అందులో విడి అణువులంటూ లేవు, ధన, రుణ అయానుల జాలకం ఉంది, అందుకే అది మరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి.

అణువుల మధ్య ఆకర్షణల్లో ఏ పదార్థంలోనూ లేకుండా పోనిది ఒకటుంది. హీలియం పరమాణువుకు ధన, రుణ ధ్రువాలు లేవు, ఎవరితోనూ బంధం కట్టదు. అయినా 1908 జులై 10న లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ హీలియంను ద్రవంగా మార్చగలిగాడు, దాని మరుగు స్థానం మైనస్ 269 డిగ్రీలు. ద్రవంగా మారిందంటే ఆ పరమాణువుల మధ్య ఎంత బలహీనమైనదైనా ఒక ఆకర్షణ ఉండి తీరాలి. వాయువుల అణువుల మధ్య ఆకర్షణ ఉంటుందని, దాన్ని విస్మరించడం వల్లనే వాయు సమీకరణం లెక్క తప్పుతున్నదని 1873లోనే వాన్ డర్ వాల్స్ తన పరిశోధనా గ్రంథంలో చూపాడు. ధ్రువాలు లేని అణువుల మధ్య ఆ ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తుందో క్వాంటం సిద్ధాంతం సాయంతో 1930లో వివరించినవాడు ఫ్రిట్జ్ లండన్. పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ మేఘం ఏ క్షణంలోనూ కచ్చితంగా సమానంగా పరచుకొని ఉండదు. ఒక వైపు కాస్త చిక్కబడగానే అటు రుణావేశం, ఇటు ధనావేశం క్షణకాలం ఏర్పడతాయి. ఆ ప్రభావానికి పక్క పరమాణువు మేఘం కూడా తగినట్టుగా జరుగుతుంది. రెండు మేఘాలూ ఇలా పొంతన కుదుర్చుకొని కదలడం వల్ల సగటున ఒక నికర ఆకర్షణ మిగులుతుంది. లండన్ బలం అంటే ఇదే.

ఈ బలం ఎంత ఉంటుందన్నది ఎలక్ట్రాన్ మేఘం ఎంత సులువుగా జరగగలదన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ గుణాన్ని ధ్రువణశీలత అంటారు. కేంద్రకానికి దూరంగా, వదులుగా ఉన్న ఎలక్ట్రాన్లు సులువుగా జరుగుతాయి, దగ్గరగా బిగిసి ఉన్నవి జరగవు. అందువల్ల ఆవర్తన పట్టికలో హీలియం నుంచి కిందికి నియాన్ మైనస్ 246, ఆర్గాన్ మైనస్ 186, క్రిప్టాన్ మైనస్ 153, జినాన్ మైనస్ 108 అంటూ మరుగు స్థానం పెరుగుతూ పోతుంది. హాలోజన్లలో ఈ పెరుగుదల మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఫ్లోరిన్ మైనస్ 188, క్లోరిన్ మైనస్ 34, బ్రోమిన్ 59, అయొడిన్ 184. ఫ్లోరిన్‌కూ అయొడిన్‌కూ మధ్య ఉన్న 370 డిగ్రీల తేడా పూర్తిగా లండన్ బలాలదే. ఈ అణువుల్లో వేరే ఆకర్షణ చెప్పుకోదగ్గదేదీ లేదు. నిచ్చెన అడుగు మెట్టు అనుకున్న బలం ఒక పదార్థాన్ని వాయువుగానూ, మరొక దాన్ని గది ఉష్ణోగ్రత వద్ద ఘనపదార్థంగానూ ఉంచుతున్నది.

లండన్ బలం దూరం పెరిగే కొద్దీ అతి వేగంగా క్షీణిస్తుంది, కనుక అణువులు ఎంత దగ్గరగా, ఎంత మేర ఆనుకొని ఉండగలవన్నది ముఖ్యమవుతుంది. పెంటేన్‌కు మూడు ఐసోమర్లు, అంటే అవే పరమాణువులు వేరువేరుగా అమరిన రూపాలు, ఉన్నాయి. మూడింట్లోనూ అయిదు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు. తిన్నని గొలుసుగా ఉన్న సాధారణ పెంటేన్ 36 డిగ్రీల వద్ద, ఒక కొమ్మ ఉన్న ఐసోపెంటేన్ 28 వద్ద, ఉండలా గుండ్రంగా ముడుచుకున్న నియోపెంటేన్ 9.5 వద్ద మరుగుతాయి. మోపుగా కట్టిన జొన్న దంట్లు నిలువునా ఒకదానికొకటి ఆనుకున్నట్టు తిన్నని గొలుసులు తమ పొడవంతా పక్క గొలుసును తాకగలవు, ఉండలకు ఆ అవకాశం లేదు, అవి ఒక చిన్న భాగం దగ్గరే తాకుతాయి. తాకే మేర తగ్గితే ఆకర్షణ మొత్తం తగ్గుతుంది.

శాశ్వత ధ్రువాలున్న అణువుల విషయానికి వస్తే, వాటి ప్రభావాన్ని విడిగా చూడాలంటే పరిమాణం దాదాపు సమానంగా ఉన్న పదార్థాలనే ఎంచుకోవాలి. అలా చేయకుండా పోల్చడమే చాలా తప్పుడు నిర్ధారణలకు మూలమని నా అభిప్రాయం. బ్యూటేన్, ఎసిటోన్, ప్రొపనాల్ మూడింటినీ తీసుకుందాం. అణుభారాలు వరుసగా 58, 58, 60. లండన్ బలాలు మూడింట్లోనూ కాస్త అటూ ఇటూగా సమానమే అనుకోవచ్చు. ధ్రువాలు లేని బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల వద్ద మరుగుతుంది. కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం వల్ల శాశ్వత ధ్రువత ఉన్న ఎసిటోన్ 56 వద్ద, హైడ్రోజన్ బంధాలు కట్టగల ప్రొపనాల్ 97 వద్ద మరుగుతాయి. ఇక్కడ నిచ్చెన చక్కగా నిలబడింది, ఎందుకంటే మొత్తంలో పెద్ద వాటా అయిన లండన్ బలాన్ని మనం ముందే సమానం చేసి పెట్టాము.

ఆ సమానత్వం లేని చోట ఏమవుతుందో చూడండి. హైడ్రోజన్ క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ వరుసలో ద్విధ్రువ భ్రామకం, అంటే ధ్రువత కొలత, తగ్గుతూ పోతుంది. ధ్రువతే నిర్ణాయకమైతే మరుగు స్థానమూ తగ్గాలి. జరిగేది తలకిందులుగా: మైనస్ 85, మైనస్ 67, మైనస్ 35. ధ్రువత తగ్గినందువల్ల కోల్పోయిన దానికంటే ఎలక్ట్రాన్ మేఘం పెద్దదైనందువల్ల కలిసివచ్చినది ఎక్కువ. క్లోరోఫామ్‌కు ధ్రువత ఉంది, కార్బన్ టెట్రాక్లోరైడ్‌కు నాలుగు క్లోరిన్లు నాలుగు వైపులా సమంగా ఉండడంతో నికర ధ్రువత సున్నా. అయినా మొదటిది 61 డిగ్రీల వద్ద, రెండవది 77 వద్ద మరుగుతుంది. ఈ రెండు ఉదాహరణలను ప్రతి తరగతి గదిలోనూ హైడ్రోజన్ బంధం పాఠానికి ముందే చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. పిల్లలకు ముందు మొత్తం లెక్క తెలియాలి, ఆ తరువాతే అందులోని ప్రత్యేక పద్దు తెలియాలి.

హైడ్రోజన్ బంధం నిజంగా ప్రత్యేకమైన పద్దే. ఫ్లోరిన్, ఆక్సిజన్, నైట్రోజన్ వంటి ఎలక్ట్రాన్లను బలంగా లాక్కొనే చిన్న పరమాణువుకు హైడ్రోజన్ అతికి ఉన్నప్పుడు, తనకున్న ఒకే ఎలక్ట్రాన్ అవతలి వైపు జరిగిపోవడంతో ఆ హైడ్రోజన్ దాదాపు కప్పు లేని ధనావేశంలా మిగులుతుంది. లోపలి పొరల ఎలక్ట్రాన్లు దానికి లేవు గనుక పక్క అణువులోని ఆక్సిజన్ మీదున్న, ఏ బంధంలోనూ పాల్గొనని ఒంటరి ఎలక్ట్రాన్ జంటకు అది ఎంతో దగ్గరగా వెళ్ళగలదు. నీటిలో ఇలాంటి ఒక్కొక్క బంధం విలువ మోల్‌కు 20 కిలోజౌళ్ళ ప్రాంతంలో ఉంటుంది. సంయోజనీయ బంధం ముందు ఇది చిన్నదే, కానీ రెండు చిన్న అణువుల మధ్య మామూలు లండన్ ఆకర్షణతో పోలిస్తే చాలా పెద్దది.

దీని ప్రభావం చూడడానికి ఆక్సిజన్ కుటుంబపు హైడ్రైడ్లను, అంటే ఆ మూలకాలు హైడ్రోజన్‌తో కలిసిన సమ్మేళనాలను, మించిన ఉదాహరణ లేదు. హైడ్రోజన్ టెల్యురైడ్ మైనస్ 2, సెలెనైడ్ మైనస్ 41, సల్ఫైడ్ మైనస్ 60. ఈ వాలును అలాగే పొడిగిస్తే నీరు మైనస్ 80 ప్రాంతంలో మరగాలి. అలా మరిగి ఉంటే తుంగభద్ర, పెన్నా, హంద్రీ అన్న పేర్లే ఉండేవి కావు. నీరు నిజంగా మరిగేది 100 వద్ద. ఈ 180 డిగ్రీల ఎగబాకుడు హైడ్రోజన్ బంధాలది.

మరి ఫ్లోరిన్ అంతకంటే ఎక్కువగా ఎలక్ట్రాన్లను లాగుతుంది కదా, హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీలకే ఎందుకు మరుగుతుంది? విడిగా చూస్తే దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధం నీటిలోని బంధం కంటే బలమైనది. తేడా సంఖ్యలో ఉంది. నీటి అణువుకు ఇవ్వడానికి రెండు హైడ్రోజన్లు, పుచ్చుకోవడానికి రెండు ఒంటరి జంటలు ఉన్నాయి. ఇచ్చేదీ పుచ్చుకొనేదీ సరిపోవడంతో ఒక్కొక్క అణువు నాలుగు బంధాల్లో పాలుపంచుకోగలదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు ఒంటరి జంటలు మూడున్నా హైడ్రోజన్ ఒక్కటే, అందువల్ల సగటున రెండు బంధాలకు మించవు. అమోనియాది దీనికి ఎదురు పరిస్థితి: మూడు హైడ్రోజన్లున్నా ఒంటరి జంట ఒక్కటే, పైగా నైట్రోజన్ లాగుడు తక్కువ, అది మైనస్ 33 వద్దే మరుగుతుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. అది ఆవిరిగా మారినప్పుడు కూడా కొన్ని అణువులు గొలుసులుగా, వలయాలుగా కలిసే ఉంటాయి. తెగని బంధానికి శక్తి చెల్లించనక్కర లేదు కాబట్టి దాని మరుగు స్థానం ఆ మేరకు తక్కువగా ఉంటుంది.

హైడ్రోజన్ బంధం ఉంటే చాలదు, అది పక్క అణువుతోనే ఉండాలి అన్న సంగతిని నైట్రోఫీనాల్ చూపుతుంది. పారా రూపంలో హైడ్రాక్సిల్, నైట్రో సముదాయాలు బెంజీన్ వలయానికి చెరొక కొసన ఉంటాయి, ఒక అణువు హైడ్రోజన్ మరొక అణువు ఆక్సిజన్‌ను వెతుక్కోక తప్పదు; దాని మరుగు స్థానం 279. ఆర్థో రూపంలో ఆ రెండూ పక్కపక్కనే ఉండడంతో హైడ్రోజన్ తన అణువులోని ఆక్సిజన్‌తోనే ముడిపడిపోతుంది, ఇరుగు పొరుగుకు ఇవ్వడానికి ఏమీ మిగలదు; దానిది 216. రెండింటి మిశ్రమం గుండా నీటి ఆవిరిని పంపితే ఆర్థో రూపం ఆవిరితో కలిసి వెళ్ళిపోతుంది, పారా రూపం పాత్రలో ఉండిపోతుంది. డిగ్రీ ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో చేయిస్తున్న విభజన ఇదే.

అణుభారం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుందన్న మాట కూడా చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది సగమే నిజం. హెక్సేన్ అణుభారం 86, మరుగు స్థానం 69. అందులోని హైడ్రోజన్లన్నిటినీ తీసి ఫ్లోరిన్లు పెడితే వచ్చే పర్‌ఫ్లోరోహెక్సేన్ అణుభారం 338. భారం నాలుగింతలైంది, మరుగు స్థానం మాత్రం 57కు దిగింది. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను ఎంత బిగించి పట్టుకుంటుందంటే, అవి పక్క అణువు ప్రభావానికి దాదాపు జరగవు, అందువల్ల భారం పెరిగినా లండన్ ఆకర్షణ పెరగదు. ఇంతకంటే ఆశ్చర్యకరమైనది మన కడప జిల్లాకు సంబంధించినది. తుమ్మలపల్లెలో తవ్వుతున్న ఖనిజంలోని యురేనియం, లోహంగా ఉన్నప్పుడు, 4,000 డిగ్రీల ప్రాంతంలో గాని మరగదు. అదే యురేనియం చుట్టూ ఆరు ఫ్లోరిన్లు చేరితే ఏర్పడే యురేనియం హెక్సాఫ్లోరైడ్, 352 అణుభారం ఉండి కూడా, 56.5 డిగ్రీలకే ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరైపోతుంది. ప్రపంచంలో యురేనియం శుద్ధి కేంద్రాలు ఐసోటోపులను వేరు చేయడానికి ఈ పదార్థాన్ని ఎంచుకున్నది ఇంత సులువుగా వాయువుగా మారుతుందనే. భారీ లోహం లోపలే ఉంది, కానీ పొరుగు అణువుకు తగిలేది బయటి ఫ్లోరిన్ కవచమే.

ఇప్పుడు నిచ్చెన పూర్తిగా తలకిందులయ్యే చోటుకు వద్దాం. మిథనాల్ 65, ఇథనాల్ 78, ప్రొపనాల్ 97, బ్యూటనాల్ 118. ఈ నాలుగింటికీ ఒక్కొక్క హైడ్రాక్సిల్ సముదాయమే ఉంది, పెరిగినది కార్బన్ గొలుసు పొడవే. నాలుగో మెట్టుకు వచ్చేసరికి నాలుగు హైడ్రోజన్ బంధాల నీటిని గొలుసు దాటేసింది. గొలుసులో రెండు హైడ్రోజన్లతో ఉన్న ఒక్కొక్క కార్బన్ కణుపు చేరినప్పుడల్లా ఆవిరి కావడానికి కావలసిన శక్తి మోల్‌కు దాదాపు 5 కిలోజౌళ్ళు పెరుగుతుంది. ఒక్కటిగా చూస్తే ఇది హైడ్రోజన్ బంధంలో నాలుగో వంతు. కానీ కణుపులు కూడుతూ పోతాయి.

వేరుశనగ నూనెలో కణుపులు యాభై దాటుతాయి. దాని అణువు గ్లిసరాల్ వెన్నుకు మూడు పొడవైన కొవ్వు ఆమ్లాల గొలుసులు, ముఖ్యంగా ఓలియిక్, లినోలియిక్, పామిటిక్ ఆమ్లాలవి, అతికిన ట్రైగ్లిసరైడ్. అణుభారం 880 ప్రాంతంలో ఉంటుంది. అందులో ఆక్సిజన్‌కు అతికిన హైడ్రోజన్ ఒక్కటీ లేదు, కనుక ఆ అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధం కట్టలేవు. నిచ్చెన ప్రకారం నీటి కంటే ముందే మరగాలి. అయితే బాణలిలో 180 డిగ్రీల వద్ద నూనె నిశ్చలంగా ఉంటుంది. మిరపకాయ బజ్జీ వేసినప్పుడు లేచే బుడగలు నూనెవి కావు, శనగపిండిలోని నీటివి. ఇంకా వేడి చేస్తే 230 డిగ్రీల చుట్టుపక్కల పొగ వస్తుంది, ఆ తరువాత నూనె విచ్ఛిన్నమవుతుంది. కణుపుకు 5 చొప్పున యాభై కణుపులకు కూడితే మోల్‌కు 250 కిలోజౌళ్ళు, నీటికి ఆరింతలు. కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడానికి కావలసిన 350 కిలోజౌళ్ళకు ఇది మరీ దూరం కాదు. అణువు పక్క అణువులన్నిటినీ ఒక్కసారిగా విడిచి బయటపడేంత వేడి అందేలోపే దానిలోని బలహీనమైన చోట్లు తెగడం మొదలవుతుంది. మామూలు వాతావరణ పీడనం వద్ద వంట నూనెకు మరుగు స్థానం అన్నది కొలవడానికి దొరకకపోవడానికి కారణం ఇదే.

నూనెల మీద పరిశోధన చేసే ఒక సంస్థ ఉన్న అనంతపురానికి, నూనె మిల్లులున్న ఆదోనికి ఈ లెక్క పుస్తకాలకు పరిమితమైనది కాదు. గానుగలో పిండిన తరువాత వేరుశనగ చెక్కలో మిగిలిపోయిన నూనెను హెక్సేన్‌తో కడిగి తీస్తారు. హెక్సేన్‌లోనూ నూనె గొలుసుల్లోనూ ఉన్నది ప్రధానంగా లండన్ ఆకర్షణే కాబట్టి రెండూ సులువుగా కలిసిపోతాయి. హెక్సేన్‌కు కార్బన్లు ఆరే గనుక 69 డిగ్రీల దగ్గర అది నూనెను వదిలి ఆవిరై, చల్లబడి, మళ్ళీ వాడకానికి వస్తుంది. ఆ తరువాతి దశ, నూనె వాసన తీసే దశ, మన చర్చకు ఇంకా దగ్గరిది. వాతావరణ పీడనంలో వందో వంతు కూడా లేని పీడనంలో, 200 డిగ్రీలు దాటిన వేడిలో నూనె గుండా నీటి ఆవిరిని పంపుతారు. అప్పుడు వాసననిచ్చే చిన్న అణువులతో పాటు విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు కూడా లేచిపోతాయి. ఓలియిక్ ఆమ్లానికి హైడ్రోజన్ బంధాలు కట్టే కార్బాక్సిల్ సముదాయం ఉంది, ట్రైగ్లిసరైడ్‌కు అలాంటిదేదీ లేదు. అయినా ముందు ఆవిరయ్యేది ఒక్క గొలుసు ఉన్న ఆమ్లమే, మూడు గొలుసులున్న నూనె అణువు ద్రవంలోనే ఉండిపోతుంది.